తూటాలు ఆపేస్తారట

ఆ మాట మొదట ఎవరి నోట పుట్టిందో మా బెల్ క్రీక్‌లో ఎవరూ చెప్పలేరు. గోధుమల గోదాము దగ్గర పొద్దున్నే కాఫీ తాగే మగాళ్ళు బిల్లింగ్స్‌లో ఎవరి బావమరిదో చెప్పాడన్నారు. చర్చిలో ఆడవాళ్ళు ఫోన్లో చదివామన్నారు. పెద్ద స్టోర్లన్నీ తూటాలు అమ్మడం ఆపేస్తాయట. ఉన్న సరుకు అయిపోతే మళ్ళీ తెప్పించరట. జింకల వేట మొదలవబోయే రోజులవి. మొంటానాలో ఆ రోజుల్లో అలాంటి మాట వింటే మగాళ్ళు భోజనం మధ్యలో లేచి ట్రక్కు తాళాలు వెతుక్కుంటారు.

ఆర్లీన్ స్ట్రాండ్‌కి మాత్రం ఆ మాట అందరికంటే చివర చేరింది. ఏ మాటైనా ఆమెకి అలాగే చేరేది.

ఆమె మొగుడు గోర్డన్ పోయి అది రెండో శరదృతువు. అతను చనిపోయిన వారం ఊరు ఊరంతా వచ్చింది. ఫ్రిజ్‌లో చోటు చాలక జనం తెచ్చిన గిన్నెలు వరండాలో పెట్టాల్సొచ్చింది. ఆ తర్వాత ఎవరి గిన్నెలు వాళ్ళు తీసుకెళ్ళారు. ఎవరికీ ఆమె మీద కోపం లేదు, చిన్నచూపూ లేదు. పొలాలుంటాయి, పశువులుంటాయి, మనవలుంటారు. ఆర్లీన్‌కి పిల్లలు లేరు. ఊరి బడిలో ముప్ఫై ఏళ్ళు వంట చేసింది. పిల్లలు తగ్గిపోయి బడి మూసేశాక, మిగిలిన పిల్లల్ని బస్సులో పక్క ఊరికి పంపించడం మొదలుపెట్టాక, ఆ పనీ పోయింది. పెద్ద పెద్ద డేగిసాల్లో వండిన చెయ్యి అది. ఒక్క మనిషికి సరిపడా సూప్ చెయ్యడం ఆమెకి ఎంతకీ పట్టుబడలేదు. ఎప్పుడూ ఎక్కువైపోయేది. నాలుగు రోజులు అదే తిని, ఐదో రోజు పారబోసేది. ఒక్కదానికోసం బల్ల మీద కంచం పెట్టడమెందుకని సింకు దగ్గర నిలబడే తినేసేది. రేడియో పొద్దున్నుంచీ పడుకునేదాకా మోగుతూనే ఉండేది. గాలి ఎటు వీస్తుందో, గోధుమలు ఏ ధర పలికాయో ఆ రేడియో అతను చెబుతుంటే, "అలాగా" అని జవాబు చెప్పే అలవాటు కూడా పడింది.

అలా ఉండగా ఒక శనివారం పొద్దున డ్వేన్ పెట్రిక్ ట్రక్కు వచ్చి ఇంటి ముందు ఆగింది. డ్వేన్ గోర్డన్‌కి వేటలో జోడీ. ఇద్దరూ ఇరవై ఏళ్ళు ఒకే గుడారంలో పడుకున్నారు. సమాధి మీద మట్టి వేసిన రోజు తర్వాత అతను ఈ గడప తొక్కింది లేదు.

"డ్వేన్, దారి తప్పావా?" అంది ఆర్లీన్ తలుపు తీసి.

"నీ బయటి తలుపు గాలికి కొట్టుకుంటోందని మార్వా చెప్పింది. ఓసారి చూద్దామని."

"అది కిందటేడు నుంచీ కొట్టుకుంటోంది."

"అయితే ఏడాది ఆలస్యమయ్యాను," అని నవ్వి, పనిముట్ల పెట్టె కింద పెట్టాడు.

అతను కీలు బిగించే లోపల ఆమె పాన్‌కేకులు పోసింది. ఈసారి పిండి ఎక్కువవలేదు. డ్వేన్ ఆరు తిన్నాడు. తింటూ గోర్డన్ సంగతులు చెప్పాడు. పెద్ద కొమ్ముల ఎల్క్ జింక ఒకటి ఎదురుగా వచ్చి నిలబడితే గోర్డన్ సరిగ్గా గురి పెట్టిన క్షణంలో తుమ్మాడట. ఆ ఎల్క్ పారిపోకుండా ఇతన్ని ఎగాదిగా చూసి, నెమ్మదిగా నడిచి వెళ్ళిందట. ఆర్లీన్ ఆ సంగతి ఎప్పుడూ వినలేదు. గోర్డన్ ఆమెకి చెప్పలేదు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

వెళ్ళబోతూ డ్వేన్ నేలమాళిగ తలుపు వైపు చూశాడు. "చలి మొదలవుతోంది, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కి ఫిల్టరు మార్చావా? కిందికి దిగి చూసి వెళ్ళనా?"

"ఇంకోసారి చూద్దువులే. అక్కడ లైటు పోయింది."

అతను ఆ తలుపు వైపు అవసరానికి మించి ఇంకాసేపు చూశాడు. ఆర్లీన్ అది గమనించలేదు. ఇంకోసారి వస్తాడన్న సంగతి ఒక్కటే ఆమె మనసులో మిగిలింది.

మంగళవారం అతని భార్య మార్వా వచ్చింది, బంగాళాదుంపలూ గొడ్డు మాంసమూ కలిపి ఓవెన్‌లో కాల్చిన వంటకం పళ్ళెంలో పట్టుకుని. రెండు గంటలు కూర్చుంది. గురువారం చర్చి తోటలో పనిచేసే దంపతులు వచ్చి గుమ్మం ముందు రాలిన ఆకులు ఊడ్చి వెళ్ళారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురు ఆమె చెయ్యి పట్టుకుని ఆపి ఎలా ఉన్నావని అడిగారు. ఆర్లీన్ ఇంటికొచ్చి, బీరువా అడుగున ఉన్న మంచి కప్పులు తీసి కడిగి తుడిచి పైఅరలో పెట్టుకుంది.

అసలు సంగతి మెర్ల్ ఆస్ట్‌బీ చెప్పాడు. మెర్ల్‌కి ఎనభై దాటాయి, ఒక చెవి వినిపించదు, నోటికి అదుపు లేదు. వచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టి, కాఫీ పోసేదాకా కూడా ఆగలేదు.

"అందరూ చుట్టూ తిరుగుతున్నారు, నేను సూటిగా అడుగుతా. ఏం చేద్దామనుకుంటున్నావ్ వాటిని?"

"వేటిని?"

"గోర్డీ కింద దాచినవాటిని. అమ్ముతావా, ఇస్తావా, గుడ్లు పెడతాయని అట్టే ఉంచుతావా?"

ఆమె మొహం చూసి అతనికి అర్థమైంది. "నీకు తెలీదన్నమాట," అన్నాడు కాస్త మెత్తబడి. "స్టోర్లలో తూటాలు ఆపేస్తారట, ఆర్లీన్. జనానికి పిచ్చెక్కి ఉంది. అరలన్నీ ఊడ్చేశారు. ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా నిండుగా ఉన్నాయంటే అది ఈ ఇంట్లోనే."

ఆర్లీన్ చేతిలోని కాఫీ పాత్ర స్టవ్ మీద పెట్టేసింది. బయటి తలుపు కీలు, ఓవెన్ పళ్ళెం, ఊడ్చిన ఆకులు, చెయ్యి పట్టుకుని ఎలా ఉన్నావన్న మాట, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"ఎల్క్ ముందు తుమ్మిన సంగతి నిజమేనా, మెర్ల్?" అని అడిగింది.

"ఏం నిజమేనా?" అన్నాడు మెర్ల్ వినిపించే చెవి ఇటు తిప్పి.

"ఏం లేదులే. కాఫీ తాగు."

అతను వెళ్ళాక ఆమె కొత్త బల్బు తీసుకుని కిందికి దిగింది. గోర్డన్ పోయాక దిగడం అదే మొదటిసారి. గోడ పొడుగునా అతను చెక్కతో చేసిన అరలు. వాటి నిండా డబ్బాలు, రకానికో వరస, లేబుళ్ళన్నీ ముందుకి తిరిగి. ఇలాంటి పుకారు ఎప్పుడు లేచినా గోర్డన్ వెళ్ళి కొనుక్కొచ్చేవాడు. ఎన్నికలప్పుడు ఒకసారి, కరువొస్తుందన్నప్పుడు ఒకసారి, ఏదో ఫ్యాక్టరీ తగలబడిందన్నప్పుడు ఒకసారి. తెచ్చినవి సర్దుకుంటూ సాయంత్రాలు ఇక్కడే గడిపేవాడు. ఆమె పైన అల్లుకుంటూ కూర్చునేది. అతను బతికున్నప్పుడు కూడా ఆ ఇంట్లో సాయంత్రాలు నిశ్శబ్దంగానే ఉండేవి. కాకపోతే అప్పుడు కాళ్ళ కింద ఒక మనిషి కదిలే చప్పుడు వినిపించేది.

ఇవన్నీ ఇచ్చేస్తే సరిపోతుంది అనుకుంది. ఒక్క ఫోన్ చేస్తే డ్వేన్ గంటలో వచ్చి ఎత్తుకుపోతాడు. ఆ తర్వాత? ఆ తర్వాత మళ్ళీ రేడియో.

అందుకని ఆమె ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. ఎవరు ఎలా అడిగినా "చూద్దాం" అనేది. ఆ ఒక్క మాటతో వాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు. వచ్చేది తన కోసం కాదని తెలిసీ ఆమె వాళ్ళ కోసం ఎదురుచూసేది. అదేం సిగ్గుమాలిన పని అని ఒక్కోసారి అనిపించేది. కానీ కిటికీలోంచి ట్రక్కు లైట్లు మలుపు తిరగడం చూసినప్పుడు గుండె కొట్టుకునేది, ఆ కొట్టుకోవడం అబద్ధం కాదు.

నవంబరు మొదట్లో కాఫీపొడీ వెన్నా నిండుకున్నాయి. అంత వాడకం ఆమె ఇంట్లో ఏళ్ళ తరబడి లేదు. కౌంటీ టౌన్‌లోని పెద్ద స్టోర్‌కి వెళ్ళింది. అక్కడ ఎందుకో కాళ్ళు వేట సామాన్ల వైపు లాక్కెళ్ళాయి. గాజు అరలు ఖాళీగా ఉన్నాయి. కౌంటర్ వెనక ఒక అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది.

"నిజమేనా, ఆపేస్తున్నారా?" అని అడిగింది ఆర్లీన్.

"మాకెవరూ అలా చెప్పలేదండీ," అంది ఆ అమ్మాయి. రోజంతా అదే జవాబు చెప్పి అలిసిపోయిన గొంతు. "గురువారం గురువారం లారీ వస్తూనే ఉంది. దింపీ దింపకముందే జనం పట్టుకుపోతున్నారు. ఆపేస్తారేమోనని కొంటున్నారు, కొనడం వల్ల ఖాళీ అవుతోంది, ఖాళీగా ఉందని ఆపేశారంటున్నారు. మీకేం కావాలి?"

"నాకేం వద్దమ్మా. ఊరికే అడిగాను."

మర్నాడు పొద్దున పోస్టాఫీసులో నలుగురైదుగురు ఉన్నారు. పోస్టాఫీసు చూసే జోన్ కిటికీలోంచే అడిగింది, "నిన్న టౌన్‌కి వెళ్ళావట? ఎలా ఉంది అక్కడ?"

"అరలు ఖాళీ. ఒక్క డబ్బా లేదు."

"మళ్ళీ వస్తాయన్నారా?"

అందరూ ఆర్లీన్ వైపు తిరిగారు. ఊళ్ళో అంతమంది ఒకేసారి తన మాట కోసం ఆగడం ఎప్పుడు జరిగిందో ఆమెకి గుర్తులేదు. గురువారం లారీ సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. అది చెబితే అందరూ గురువారం టౌన్‌కి వెళతారు. ఇటు ఎవరూ రారు.

"ఏమో," అంది. "ఇక రావన్నట్టే ఉంది."

వరస చివర నిలబడి ఉన్న ఒకామె ఆ మాట విని, ఉత్తరాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె టెస్ కొలార్. నాలుగేళ్ళ కిందట డకోటా నుంచి వచ్చి, హాగెన్ వాళ్ళ పాత రాంచ్ అద్దెకి తీసుకుని గొర్రెలు పెంచుకుంటోంది. ఒక్కతే ఉంటుంది. చర్చికి రాదు, కబుర్లకి కూర్చోదు. పొగరని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

"ఆర్లీన్ కళ్ళారా చూసిందట" అన్న మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగింది. ఆ రెండు వారాలూ ఆమె ఇల్లు పెళ్ళివారి ఇల్లులా ఉంది. కొళాయి కారుతుంటే ఒకరు బాగుచేశారు. కారుకి ఒకరు చలికాలం టైర్లు బిగించారు. మార్వా బల్ల దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి, తమ ఇంట్లో మంచం కింద కాలు పెట్టే చోటు లేదని, డ్వేన్ అంత కొనిపెట్టాడని చెప్పింది. చెప్పి, "ఎంతున్నా చాలవు కదా ఈ రోజుల్లో," అంది. థాంక్స్‌గివింగ్‌కి తమ ఇంటికి పండగ భోజనానికి రమ్మంది. ఆర్లీన్ రేడియో కట్టేసి చాలా రోజులైంది.

నవంబరు మధ్యలో వాన పడి, ఆ వాన నేల మీదే గడ్డకట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. ట్రక్కు చప్పుడు ఆమెకి వినపడలేదు. తీసి చూస్తే టెస్. టోపీ లేదు, చేతులకి గ్లౌజులు లేవు.

"మిసెస్ స్ట్రాండ్, మిమ్మల్ని ఎప్పుడూ పలకరించనైనా లేదు, ఇప్పుడు అడగడానికి వచ్చాను. మీ దగ్గర తూటాలున్నాయంటున్నారు. నా రైఫిల్‌కి టూ ఫార్టీ త్రీ రకం పడతాయి. ఒక్కటిస్తే చాలు."

"ఏమైందమ్మా?"

"గుర్రం. నీళ్ళ తొట్టి దగ్గర మంచు మీద జారింది. ముందుకాలు విరిగింది. ఎముక బయటికొచ్చింది. పశువుల డాక్టరు మైల్స్ సిటీ నుంచి రావాలి. రోడ్లు మూసేశారు. నా దగ్గరున్న ఆఖరివి గొర్రెల మీదికొచ్చిన కయోటీ తోడేళ్ళ మీద కాల్చేశాను. డ్వేన్‌ని అడిగితే లేవన్నాడు. ఇంకో రెండిళ్ళు అడిగాను. అది మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది, మిసెస్ స్ట్రాండ్. గంట పైనే అయింది."

ఆర్లీన్ వెంటనే కిందికి పరిగెత్తింది. లేబుళ్ళన్నీ ముందుకే ఉన్నాయి గనక వెతకాల్సిన పని లేకపోయింది. డబ్బా తీసుకుని పైకి వచ్చి, "నేనూ వస్తాను," అంది. టెస్ వద్దనలేదు.

దారిలో ట్రక్కు పక్కకి జారుతుంటే టెస్ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నెమ్మదిగా నడిపింది. కొంత దూరం వెళ్ళాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది, "ఆ వారమే టౌన్‌కి వెళ్ళి కొత్త సరుకేమైనా వస్తుందేమో చూద్దామనుకున్నాను. పోస్టాఫీసులో మీరు చెప్పారు కదా, ఇక రావని. ఎలాగూ లేనప్పుడు గొర్రెల్ని వదిలి అంత దూరం ఎందుకని ఆగిపోయాను."

ఆర్లీన్ ఒళ్ళో ఉన్న డబ్బా వైపు చూస్తూ కూర్చుంది.

ఆడ గుర్రం అది, గోధుమ రంగుది, ముసలిది. కంచెకి ఒరిగి నిలబడి ఉంది. అంత చలిలోనూ చెమట పట్టి ఒళ్ళంతా ఆవిరి లేస్తోంది. టెస్‌ని చూసి చెవులు ముందుకి పెట్టింది. టెస్ దాని నుదుటికి తన నుదురు ఆనించి ఏదో చెప్పింది. "మీరు ట్రక్కు దగ్గరికి వెళ్ళండి," అంది ఆర్లీన్‌తో.

"తాడు ఎవరు పట్టుకుంటారు?"

టెస్ ఒక్క క్షణం ఆలోచించి, ఎక్కడ నిలబడాలో చూపించింది. ఆర్లీన్ తాడు పట్టుకుని పక్కకి జరిగి నిలబడింది. గుర్రం ఊపిరి వెచ్చగా ఆమె మణికట్టుకి తగిలింది. రైఫిల్ ఒక్కసారే పేలింది. గుట్ట మీద గొర్రెలు తలలెత్తి చూసి, మళ్ళీ వంచుకున్నాయి.

ఇద్దరూ కలిసి దాని మీద టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టారు. టెస్ ఏడవలేదు. తొట్టి అంచు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆర్లీన్‌కి ఎదురుగా నిలబడడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు.

"ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు," అంది చివరికి. "గురువారం లారీ వస్తుందని స్టోర్‌లో అమ్మాయి చెప్పింది. ఆపేస్తున్నారన్నది కూడా వట్టి మాటేనంది. నాకు తెలుసు. తెలిసే అలా అన్నాను."

టెస్ తలెత్తింది. "ఎందుకు?"

"జనం వస్తున్నారు మా ఇంటికి. వాటి కోసమే అనుకో. తెలిస్తే రావడం మానేస్తారని."

గాలికి టార్పాలిన్ అంచు టపటపలాడుతోంది.

"నేనూ ఒక్కదాన్నే ఉంటాను, మిసెస్ స్ట్రాండ్," అంది. అంతే. లేచి ట్రక్కు ఎక్కింది.

ఆర్లీన్‌ని ఇంటి దగ్గర దింపేటప్పుడు మిగిలిన డబ్బా ఆమె చేతిలో పెట్టేసింది. "మీ దగ్గరే ఉంచుకోండమ్మా," అని ఆర్లీన్ అంటే, "ఒక్కటే కావాలన్నాను," అని తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన చివర, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని పాస్టర్ అడిగాడు. మామూలుగా కేకుల అమ్మకం సంగతో, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ సంగతో చెబుతారు. ఆర్లీన్ లేచి నిలబడి ముందున్న బెంచీని పట్టుకుంది.

"తూటాలు ఆపేయడం లేదు. నేను టౌన్‌కి వెళ్ళిన రోజే నాకు తెలుసు. ఇక రావని పోస్టాఫీసులో అబద్ధం చెప్పాను. దానివల్ల టెస్ కొలార్ దగ్గర అవసరానికి ఒక్కటి లేకపోయింది, ఆమె గుర్రం కాలు విరిగి గంట పైన నరకయాతన పడింది. తప్పు నాది. గోర్డీవి ఎవరికి కావాలంటే వాళ్ళు శనివారం వచ్చి తీసుకెళ్ళండి. ఊరికే ఇస్తాను."

"ఏమంటోంది?" అని మెర్ల్ గట్టిగా అడగడం వినిపించింది.

బయట డ్వేన్ ఆమె పక్కనుంచి వెళుతూ ఆగాడు. మార్వా ఆగలేదు. "అందరి ముందూ ఆ గుర్రం సంగతి ఎత్తాల్సింది కాదు," అన్నాడు. "ఆ అమ్మాయి మా ఇంటికీ వచ్చింది."

"నీ పేరు చెప్పలేదు కదా, డ్వేన్."

"చెప్పనక్కర్లేదు. చిన్న ఊరు." టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

శనివారం కోసం ఆర్లీన్ ముందు రోజంతా వండింది. బడిలో శుక్రవారాలు పెట్టే భోజనం అది, మాంసమూ చిక్కుడు గింజలూ వేసిన కారం కూర, దాంతోపాటు దాల్చినచెక్క రోల్స్. ఆ ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరూ తిని పెరిగినవే. పొద్దున్నే జనం వచ్చారు. వరసగా కిందికి దిగారు, డబ్బాలు ఎత్తుకుని పైకి వచ్చారు. చాలామంది "థాంక్స్, ఆర్లీన్" అన్నారు, కానీ ఆమె కళ్ళలోకి చూడలేదు. వంటిల్లు దాటేటప్పుడు ఒకరిద్దరు ఒక్కో రోల్ చేతిలో పట్టుకుని, ఇంజిను ఆపకుండా వచ్చామని చెప్పి వెళ్ళిపోయారు. డ్వేన్ కొడుకుని పంపాడు. మధ్యాహ్నం కాకముందే అరలు ఖాళీ అయ్యాయి. ఒక్క మెర్ల్ మాత్రం బల్ల దగ్గర కూర్చుని కంచం నిండా పెట్టించుకున్నాడు.

"నువ్వేం తీసుకోవా?" అని అడిగింది.

"నాకెందుకు? గురిపెడితే జింకా కనబడదు, కంచే కనబడదు. రోల్స్ ఉంటాయని వాసన చెప్పింది, వచ్చాను." రెండోది తుంచుతూ, "మంచి పని చేశావనను. చెడ్డ పని చేశావనీ అనను. ఈ ఊళ్ళో ఒక్కళ్ళుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు," అన్నాడు. తర్వాతి వారం అతని కూతురొచ్చి చలికాలానికి అతన్ని అరిజోనా తీసుకెళ్ళిపోయింది.

థాంక్స్‌గివింగ్‌కి ముందు మార్వా ఫోన్ చేసింది. పిల్లలందరూ వస్తున్నారట, బల్ల దగ్గర చోటు ఇరుకట. ఆర్లీన్ "ఫర్వాలేదు" అంది, నిజంగా కోపం లేకుండానే. ఆ రోజు కోడి తొడ ఒకటి కాల్చుకుని, ఈసారి కంచం బల్ల మీదే పెట్టుకుని కూర్చుని తింది.

చలికాలం పొడుగ్గా సాగింది. మంచు కిటికీ అంచుదాకా పేరుకుంది. ఎవరూ రాలేదు. రేడియో అతను మళ్ళీ గాలి సంగతీ గోధుమల ధరా చెప్పడం మొదలుపెట్టాడు. జనవరిలో ఫర్నేస్ మూలగడం మొదలెడితే ఆర్లీన్ ఫిల్టరు తనే మార్చడానికి కిందికి దిగింది. పని అయ్యాక గోర్డన్ స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా ఖాళీ చెక్కలు. పైన వంటింట్లో రేడియో గొంతు సన్నగా వినిపిస్తోంది. ఇక్కణ్ణుంచి అతనికి రోజూ ఇలాగే వినిపించేది కాబోలు, తను గిన్నెలు కడిగే చప్పుడు, కుర్చీ జరిపే చప్పుడు. మొదటి ఏళ్ళలో అతను పిలిచేవాడు, "ఆర్లీన్, ఓసారి కిందికి వస్తావా, ఇది చూద్దువుగాని" అని. గిన్నెలున్నాయని అనేది. కొన్నాళ్ళకి అతను పిలవడం మానేశాడు. తను ఆ మానేయడాన్ని గమనించను కూడా లేదు. ఇంట్లో ఒంటరితనం తన ఒక్కదానిదే అనుకుంటూ వచ్చింది. కాళ్ళు చల్లబడేదాకా అక్కడే కూర్చుంది.

మార్చిలో రోడ్లు తేరుకున్నాయి. గొర్రెలు ఈనే రోజులు. ఒక పొద్దున ఆర్లీన్ కారు తీసి హాగెన్ వాళ్ళ పాత రాంచ్‌కి వెళ్ళింది. ఫోన్ చేయలేదు. చేస్తే వద్దంటుందని భయం. ఏమీ వండి తీసుకెళ్ళలేదు కూడా. చేతిలో గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళ సంగతి ఆమెకి తెలుసు.

టెస్ కొట్టంలో ఉంది. మోచేతుల దాకా నెత్తురు, కళ్ళకింద నలుపు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. గడ్డి మీద తల్లి లేని పిల్లలు ఐదారు అరుస్తున్నాయి. గుమ్మంలో ఆర్లీన్‌ని చూసి ఆమె నిలబడిపోయింది. కోపమూ లేదు, ఆహ్వానమూ లేదు.

"పాలు పట్టడానికి ఎవరైనా కావాలేమోనని," అంది ఆర్లీన్. "వద్దంటే వెళ్ళిపోతాను."

టెస్ ముంజేత్తో నుదురు తుడుచుకుంది. వెనక ఏదో గొర్రె నొప్పులతో మూలిగింది. అటు చూసి, ఇటు చూసింది.

"చేతులు కడుక్కోండి. సీసాలు ఆ బకెట్లో ఉన్నాయి. మూలనున్న నల్లమొహందానికి ముందు పట్టండి. అది తాగదు, దవడ పట్టుకుని పట్టాలి."

ఆర్లీన్ గడ్డిలో కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. అది తాగలేదు. పాలు గడ్డం మీంచి కారి ఆమె గౌను తడిసింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ కారింది. పక్కనున్నవి ఆమె మోకాళ్ళమీదికి ఎక్కి సీసా కోసం పొడుస్తున్నాయి. వాటన్నిటికీ పట్టి, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నానికి అది నాలుగు గుక్కలు మింగింది. ఆ పూటంతా ఇద్దరి మధ్యా మాటలు లేవు, "ఆ తువ్వాలు ఇలా అందుకోండి", "ఇది కవలలనుకుంటా" అన్న మాటలు తప్ప. గుర్రం సంగతి ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఆర్లీన్ లేవబోతే మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయింది. టెస్ వచ్చి చెయ్యి అందించి లేవదీసి, వెంటనే వదిలేసింది.

ఆర్లీన్ కారు దాకా నడిచింది. రేపు వస్తానని అనడానికి నోరు రాలేదు. తలుపు తీస్తుండగా కొట్టంలోంచి టెస్ గొంతు వినిపించింది.

"పొద్దున ఆరింటికి పట్టాలి వీటికి."

"నేను అప్పటికి లేచే ఉంటాను," అంది ఆర్లీన్.